పట్టి, కడియం వేసి, వదిలేయడం: వలస పక్షుల కాలి ఆనవాళ్ల సంగతి

2025 నవంబరులో మణిపూర్‌లో మూడు అమూర్ డేగలను పట్టుకుని, వీపున చిన్న ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిపెట్టిన తరువాత, అవి ఆఫ్రికా వైపు సాగిన దారి కొన్నాళ్లపాటు వార్తల్లో నిలిచింది. వాటిలో అలాంగ్ అని పేరు పెట్టిన ఆడపక్షి తెలంగాణలో ఒక రాత్రి విశ్రమించి, మహారాష్ట్రలో కొద్ది గంటలు ఆగి, అరేబియా సముద్రం దాటి కెన్యా చేరుకుంది. పావురం కన్నా చిన్నదైన పక్షి మన నేల మీద ఒక రాత్రి గడిపిందని తెలియడం సంతోషమే గాని, ఆ వెంటనే పుట్టుకొచ్చే ప్రశ్నలు అంత తేలికైనవి కావు. పక్షిని పట్టడమే నేరమని అటవీ శాఖ చెబుతుండగా శాస్త్రజ్ఞులు ఎలా పట్టగలిగారు? కాలికి కడియం, మెడకు పట్టీ, వీపున ట్యాగు అన్నీ ఒకటేనా? కడియమున్న పావురం దొరికితే పోలీసు స్టేషనుకు ఎందుకు తీసుకుపోతున్నారు? వల వేసి, భయపెట్టి, లోహపు ముక్క తగిలించి వదిలితే ఆ పక్షికి ఒరిగేదేమిటి?

ఈ ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నందువల్ల ఒకదానికి చెప్పిన జవాబు మరొకదానికి అతికించడం జరుగుతోంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు చెరువుల్లో వానాకాలపు నీళ్లు నిలిచి, శిఖం అంచుల్లో బురద తేలే అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఉత్తరాది నుంచి పక్షులు దిగుతాయి గనక, ఈ చిక్కును మన చెరువు కట్ట మీద నిలబడే విప్పుకోవచ్చు.

## కడియం వేరు, పట్టీ వేరు, ట్యాగు వేరు

వీటిలో కాలి కడియం అన్నిటికన్నా పాతది, సాదాసీదాది. అల్యూమినియంతో గాని, ఉప్పునీటిలో తిరిగే పక్షులకైతే అరిగిపోని గట్టి లోహంతో గాని చేసిన సన్నని వలయం అది. దాని మీద ఒక వరుస సంఖ్య, ఎవరికి తెలియజేయాలో చెప్పే కొన్ని అక్షరాలు ఉంటాయి. మన దేశంలో ఈ పనిని చాలాకాలంగా నడుపుతున్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తన కడియాల మీద, దొరికితే తమకు తెలియజేయమని ఇంగ్లీషులో చెక్కిస్తుంది. అమెరికావాళ్లు ఈ పనిని బ్యాండింగ్ అంటారు, బ్రిటిష్ అలవాటు వచ్చిన మనవాళ్లు రింగింగ్ అంటారు; పని ఒక్కటే. 1899లో డెన్మార్కులో హాన్స్ క్రిస్టియన్ మార్టెన్‌సెన్ అనే బడిపంతులు స్టార్లింగులనే గోరింక జాతి పక్షుల కాళ్లకు సంఖ్య, చిరునామా ఉన్న అల్యూమినియం కడియాలు తొడగడంతో ఇది ఒక పద్ధతిగా మొదలైంది.

కడియంలో బ్యాటరీ ఉండదు, అది ఎక్కడికీ ఏ కబురూ పంపదు. రెండో మనిషి ఎవరైనా ఆ పక్షిని మళ్లీ పట్టుకుని గాని, చచ్చిపడి ఉండగా చూసి గాని, ఆ సంఖ్యను చదివి తెలియజేసేంతవరకు అది ఒట్టి లోహపు ముక్కే. దీన్ని మరిచిపోవడం వల్లనే సగం అపోహలు పుడుతున్నాయి.

మెడపట్టీలు, కాలికి కట్టే రంగు జెండాలు దూరం నుంచి చదవడానికి వేసేవి. మంగోలియాలో మెడపట్టీలు వేసిన బాతులను కర్ణాటక చెరువుల దగ్గర పక్షి వీక్షకులు టెలిస్కోపులో చూసి, అక్షరాలు చదివి, అవి ఏ దేశం నుంచి వచ్చాయో చెప్పగలిగారు. అందుకు పక్షిని మళ్లీ ముట్టుకోవలసిన పని పడలేదు. ఇక ఉపగ్రహ ట్యాగు అనేది సూర్యరశ్మితో నడిచే చిన్న యంత్రం. పక్షి ఉన్న చోటును అదే తెలియజేస్తుంది గనక రెండో మనిషి అవసరం లేదు.

అటువంటప్పుడు అన్ని పక్షులకూ ట్యాగులే కట్టవచ్చు గదా అంటే, బరువు అడ్డం వస్తుంది. పక్షి మోసే పరికరం దాని ఒంటి బరువులో 3 శాతానికి మించకూడదని పరిశోధకులు సాధారణంగా పాటించే లెక్క ఒకటి ఉంది. అమూర్ డేగ 150 గ్రాములు తూగుతుందనుకుంటే, అందులో 3 శాతం 4.5 గ్రాములు; అంతలో ట్యాగు చేయవచ్చు. తల వెనక రెండు నల్లని అడ్డచారలుండే పట్టెతల బాతు 2 నుంచి 3 కిలోలు తూగుతుంది గనక దానికి 60 నుంచి 90 గ్రాముల దాకా వీలుంది. కాని పొలం గట్ల మీద తోక ఊపుకుంటూ నడిచే వాగ్‌టెయిల్ 20 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. దానికి వచ్చే వాటా 0.6 గ్రాము మాత్రమే. ఉపగ్రహానికి నేరుగా కబురు పంపే యంత్రాన్ని అంత తేలికగా చేయడం చాలా కష్టం. అదే పిట్టకు వేసే కడియం గ్రాములో పదో వంతు కూడా తూగదు. చిన్న పిట్టల లోకంలో 125 ఏళ్ల నాటి కడియం ఇంకా చెల్లుబాటు కావడానికి కారణం ఛాదస్తం కాదు, తక్కెడ.

## తెల్లవారుజామున వల దగ్గర

పట్టే పనికి ఎక్కువగా వాడేది మిస్ట్ నెట్ అనే సన్నని వల. వెంట్రుకంత సన్నని నల్లని దారంతో అల్లిన ఈ వలను రెండు కర్రల మధ్య గోడలా నిలబెడితే, వెనక పొదలుంటే మనిషి కంటికి కూడా సరిగా ఆనదు. అడ్డంగా లాగి కట్టిన గట్టి తాళ్ల మధ్య వల కాస్త వదులుగా వేలాడుతుంది. ఎగిరివచ్చిన పిట్ట దానికి తగిలి ఆ వదులులోకి, సంచిలో పడ్డట్టు జారుతుంది. జపానులో తిండి కోసం పక్షులను పట్టేందుకు పుట్టిన వల ఇది. శాస్త్రం దాన్ని వేటగాడి దగ్గరనే అరువు తెచ్చుకుంది.

ఆ అరువు మన దేశంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బొంబాయి సొసైటీ తన పక్షుల శిబిరాలకు బీహార్‌కు చెందిన మీర్‌షికార్లనే వంశపారంపర్య పక్షి వేటగాళ్ల నైపుణ్యాన్ని తెచ్చుకుంది. ఏ పక్షి ఏ వేళకు ఏ దారిన నీళ్లకు దిగుతుందో, ఏ ఉచ్చులో పడితే కాలు విరగకుండా ఉంటుందో పుస్తకం చదివిన వారికన్నా వారికే బాగా తెలుసు. మన తెలుగులోనూ ‘దీవం’ అనే మాట ఉంది. అడవి పక్షిని రప్పించడానికి వేటగాడు పెట్టే పెంపుడు పక్షి అది. పేరు పెట్టేంతగా ఆ పని మన పల్లెలకూ తెలిసినదే.

వల వేసిన తరువాతి పనిలో వేటగాడూ శాస్త్రజ్ఞుడూ విడిపోతారు. వలను అరగంట దాటకుండా, ఎండ ఉంటే ఇంకా తరచుగా చూసి వస్తుండాలి. వాన పడినా గాలి లేచినా మూసేయాలి. మన ప్రాంతంలో అక్టోబరు ఎండ కూడా పొద్దెక్కితే చురుక్కుమంటుంది గనక, ఈ పని వెలుగు రేఖలు విచ్చుకున్నప్పుడు మొదలై ఎండ ముదిరేలోగా ముగియవలసిందే. పిట్టను ఏ వైపు నుంచి వలలో పడిందో ఆ వైపు నుంచే, ముందు కాళ్లు, తరువాత రెక్కలు, చివరికి తల, ఇలా ఒక వరుసలో విడదీస్తారు. గుడ్డ సంచిలో వేస్తే చీకట్లో అది నెమ్మదిస్తుంది. బయటికి తీసినప్పుడు దాని మెడ చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ వదులుగా ఉండేట్టు, వీపు అరచేతికి ఆనేట్టు పట్టుకుంటారు. పక్షికి మనలాగా ఊపిరి తీసుకోవడానికి విభాజక పటలం లేదు; రొమ్ము కదిలితేనే గాలి ఆడుతుంది. గుప్పిట బిగిస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. నేర్చుకునేవారికి మొట్టమొదట చెప్పే సంగతి ఇదే.

కాలి లావుకు తగిన కడియాన్ని ప్రత్యేకమైన పట్టుకారుతో మూసిన తరువాత రెక్క పొడవు కొలుస్తారు, తూకం వేస్తారు, ఈకలు రాలి మళ్లీ మొలుస్తున్న తీరును చూసి అది ఈ ఏటి పిల్లా, పెద్దదా అని తేలుస్తారు. వలస కాలంలో మాత్రమే విశేషంగా చూసేది కొవ్వు. గొంతు దిగువన ఈకలను నోటితో ఊదితే పల్చని చర్మం కింద పసుపుపచ్చని కొవ్వు కనిపిస్తుంది. ఆ గుంట నిండి ఉబ్బెత్తుగా ఉంటే ఈ పిట్ట ఇంకా ఎంతో దూరం పోవడానికి సిద్ధంగా ఉన్నదని, ఖాళీగా ఉంటే ఎక్కడి నుంచో ఇప్పుడే వచ్చి అలసి దిగినదని అర్థం చేసుకుంటారు. ఇదంతా చేయితిరిగిన వారికి కొద్ది నిమిషాల పని.

## ఒకే వల, మూడు పేర్లు: వేట, పండుగ, పరిశోధన

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అనే మాటకు ఇచ్చిన అర్థం మన వాడుకలో ఉన్నదానికన్నా చాలా విశాలమైనది. చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, వలలో చిక్కించడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. కనుక రెండు నిమిషాలు చేతిలో పట్టుకుని ప్రేమగా వదిలిపెట్టినా, చట్టం దృష్టిలో అడవి పక్షిని వలతో పట్టినవాడు వేటాడినవాడే. అదే చట్టంలోని 12వ సెక్షన్ విద్య, శాస్త్ర పరిశోధన వంటి ప్రయోజనాల కోసం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చునంటుంది. ఎక్కువ రక్షణ పొందే జీవుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉన్నవైతే కేంద్ర ప్రభుత్వం కూడా ముందుగా ఒప్పుకోవాలి. శాస్త్రజ్ఞుడికి చట్టం వర్తించదని దీని అర్థం కాదు. ఆయన చేసేదీ వేటేనని ఒప్పుకున్న చట్టం, ఏ పక్షిని, ఎక్కడ, ఎంతకాలం అన్న షరతులతో దాన్ని అనుమతిస్తోంది.

ఈ తేడా మన ప్రాంతంలో ఏటా దసరాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. విజయదశమి నాడు జమ్మిచెట్టు దగ్గరికి పోతూ పాలపిట్టను చూస్తే మేలు జరుగుతుందని తెలంగాణలో నమ్మకం. అది మన రాష్ట్ర పక్షి కూడా. పొలాల్లో కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని చూసి దండం పెట్టుకోవడం ఆచారం. కాని పట్టణాల్లో పండుగకు ముందే పాలపిట్టలను పట్టి, పంజరంలో పెట్టి గాని, రెక్కలూ కాళ్లూ కట్టి గాని, డబ్బులకు చూపించే వ్యాపారం ఒకటి పుట్టింది. భక్తితో చూసినా సరే, పట్టడం నేరమే. రెక్కలు కట్టిన పిట్టను ఆ తరువాత వదిలినా అది సరిగా ఎగరలేక కుక్కల పాలో కాకుల పాలో అవుతుంది.

వలలో తప్పు లేదని, దాని వెనక ఉన్న ఉద్దేశంలోనే తేడా అని చెప్పడానికి నాగాలాండ్ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2012 అక్టోబరులో అక్కడి దోయాంగ్ జలాశయం దగ్గర చేపల వలలను చెట్ల మధ్య గోడల్లా కట్టి అమూర్ డేగలను మాంసం కోసం పట్టిన సంగతి బయటపడింది. ఒక్క సీజనులో లక్షకు పైగా పక్షులు చచ్చిపోయి ఉంటాయని అంచనా వేశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఊరి పెద్దలు, చర్చి, అటవీ శాఖ కలిసి పనిచేయడంతో మరుసటి ఏడే ఆ వేట ఆగిపోయింది. అదే 2013 నవంబరులో అక్కడే మూడు డేగలను పట్టి ఉపగ్రహ ట్యాగులు కట్టి, వాటిలో రెంటికి ఊరి పేరు, జిల్లా పేరు పెట్టారు: పాంగ్తీ, వోఖా. ఊరివాళ్లు తమ పేరున్న పక్షి ఆఫ్రికాలో ఎక్కడుందో తెలుసుకోవడం మొదలుపెట్టారు.

## సంఖ్య చదివిన తరువాత మొదలయ్యే లెక్క

కడియం దేనికి పనికొస్తుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. పానగల్లు దగ్గర, కందూరు చోళుల కాలం నాటి ఉదయసముద్రం చెరువు శిఖంలో అక్టోబరు నెలంతా 1,000 వాగ్‌టెయిళ్లకు కడియాలు వేశారనుకుందాం. ఆ తరువాతి ఐదేళ్లలో ముగ్గురు మాత్రమే కడియం చూశామని తెలియజేశారు: ఒకరు ఉత్తర భారతం నుంచి, ఒకరు కజకిస్తాన్ నుంచి, ఒకరు ఈ చెరువు కట్ట మీది నుంచే. వెయ్యికి మూడు అంటే దండుగ పని అనిపిస్తుంది. చిన్న పిట్టల విషయంలో నిజంగానే ఇంత తక్కువగానే వస్తాయి. అయినా ఆ మూడింటిలో మొదటి రెండూ దారిని చూపాయి. మూడోది ఇంకా విలువైనది, ఎందుకంటే వేల కిలోమీటర్లు పోయి వచ్చిన 20 గ్రాముల పిట్ట మళ్లీ అదే కట్ట మీద దిగిందని అది చెబుతోంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మధ్యలో ఉన్న ఎడారి దేశం నుంచి ఒక్క కబురూ రాలేదంటే పక్షులు అటు పోలేదని కాదు. అక్కడ జనం తక్కువ కావచ్చు, కడియం చూసినా అక్షరాలు చదివేవారు లేకపోవచ్చు, చదివినా చిరునామా అర్థం కాక పారేసి ఉండవచ్చు. కడియాలు గీసే పటంలో పక్షుల దారితో పాటు మనుషుల దారి కూడా కలిసిపోయి ఉంటుంది. ఇన్ని లోపాలతోనే, 1930లలో అమెరికాలో ఫ్రెడరిక్ లింకన్ బాతుల కడియాల నివేదికలను పరచుకుని చూసి, పక్షులు ఆకాశమంతా చెల్లాచెదురుగా పోవని, కొన్ని పెద్ద బాటల వెంట సాగుతాయని చెప్పగలిగాడు. నేడు మన దేశం మధ్య ఆసియా వలస బాటలో ఉందంటున్నామంటే ఆ ఆలోచనకు మూలం అక్కడుంది.

అదే లింకన్ పేరుతో చెప్పుకునే మరో లెక్క చెరువులో చేపలు లెక్కించడానికి కూడా పనికొస్తుంది. మొదటి మూడు రోజుల్లో 200 పిట్టలకు కడియాలు వేశాం. వారం తరువాత మళ్లీ వల వేస్తే 150 పడ్డాయి. వాటిలో 30 కాళ్లకు మన కడియాలు ఉన్నాయి. అంటే ప్రతి ఐదింటిలో ఒకటి కడియం పిట్ట. 200 అనేది మొత్తంలో ఐదో వంతు అయితే, మొత్తం 1,000. ఎంత సులువుగా తేలిందో చూడండి! కాని వలస కాలంలో పిట్టలు చేపల్లాగా ఒకే చెరువులో ఉండవు. ఆ వారంలో సగం పిట్టలు దక్షిణానికి వెళ్లిపోయి ఉంటే, కడియమున్నవీ లేనివీ సమానంగా పోయాయి గనక నిష్పత్తి మారదు; మనకు మళ్లీ 1,000 అనే వస్తుంది. అది మొదటి రోజుకు సరైన జవాబు, ఈ రోజుకు తప్పు, ఇప్పుడున్నవి 500 మాత్రమే. అటు పోయేవి పోతుండగా ఇటు కొత్తవి కూడా దిగుతుంటే ఏ రోజుకూ సరిపడని అంకె వస్తుంది. ఒకసారి వలలో పడ్డ పిట్ట రెండోసారి ఆ పొద దరికి రాకపోయినా లెక్క తప్పుతుంది. అందుకే నిపుణులు ఒక్కసారి కాక పదేపదే పట్టి, వచ్చేవీ పోయేవీ విడివిడిగా అంచనా వేసే గణితం వాడతారు.

## పక్షికి హాని ఎంత?

ఈ ప్రశ్నను దాటవేసే హక్కు ఎవరికీ లేదు. 2012లో అమెరికా, కెనడాల్లోని 22 సంస్థల రికార్డులను, 6 లక్షలకు పైగా సార్లు పక్షులను మిస్ట్ నెట్‌లో పట్టిన వివరాలను కలిపి చూసిన ఒక అధ్యయనం ప్రచురితమైంది. గాయపడినవి 0.59 శాతం, చనిపోయినవి 0.23 శాతం. మన ఊహా చెరువులోని 1,000 పిట్టలకు అన్వయిస్తే, ఆరింటికి గాయాలు, రెండింటికి చావు. పని తెలిసిన చేతుల్లో ఉన్న లెక్క అది. తెలియని చేతుల్లో ఎంతవుతుందో ఆ అంకె చెప్పదు. వదిలిన తరువాత పొదల్లో ఏం జరిగిందో కూడా చెప్పదు.

ఇంకా ఇబ్బంది పెట్టే ఉదాహరణ దక్షిణ ధ్రువం వైపు నుంచి వచ్చింది. కింగ్ పెంగ్విన్‌ల రెక్కలకు వేసిన లోహపు పట్టీలను పదేళ్లపాటు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు: పట్టీ ఉన్నవి 39 శాతం తక్కువ పిల్లలను పెంచాయి, వాటి మనుగడ 16 శాతం తగ్గింది. ఈతకు తెడ్డులా వాడే రెక్క మీద పట్టీ నీటిలో అడ్డుపడింది. వాతావరణ మార్పు వల్ల పెంగ్విన్‌లు తగ్గుతున్నాయని ఆ పట్టీల ఆధారంగా చెప్పిన మాటలను కూడా మళ్లీ పరీక్షించుకోవలసి వచ్చింది. పిచుకంత జీబ్రా ఫించ్‌ల మీద జరిగిన ప్రయోగాల్లో, ఎర్ర కడియం వేసిన మగవాటిని ఆడవి ఎక్కువగా ఇష్టపడ్డాయని తేలింది. కొలిచేవాడి గుర్తే కొలతను మార్చింది.

దీనికి ఎదురుగా నిలబెట్టే ఉదాహరణ విజ్‌డమ్ అనే లేసన్ ఆల్బట్రాస్ జాతి సముద్ర పక్షి. 1956లో పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవిలో, అప్పటికే గుడ్లు పెట్టే వయసులో ఉన్న దానికి కాలి కడియం వేశారు. అరిగిన కడియాలను మారుస్తూ వచ్చారు. 2024 చివర్లో అది మళ్లీ గుడ్డు పెట్టింది; వయసు 70 దాటింది. కాలి కడియం ఆ పక్షికి అడ్డు కాలేదు, అంతేగాక కడియం లేకపోతే అడవి పక్షి అంతకాలం బతుకుతుందని మనకు తెలిసే మార్గమే లేదు. పెంగ్విన్ ఉదాహరణను తెచ్చి కాలి కడియాన్ని తప్పుపట్టడం, ఆల్బట్రాస్‌ను చూపి అన్ని రకాల గుర్తులనూ సమర్థించడం, రెండూ సరికావు. ఏ పక్షికి, ఏ అవయవం మీద, ఎంత బరువు అన్నది విడివిడిగా చూడవలసిందే.

అసలు విభేదం అంకెల్లో లేదనిపిస్తుంది. ఒక్కొక్క ప్రాణి బాధను లెక్కలోకి తీసుకునేవారు ఆ రెండు చావులను ఎందుకు ఒప్పుకోవాలని అడుగుతారు. జాతి మొత్తాన్ని చూసేవారు, ఏ చెరువు ఎండితే ఏ పక్షి తగ్గుతుందో తెలియకపోతే వేల చావులు కంటికి కనిపించకుండా జరిగిపోతాయంటారు. మొదటివారు చెప్పిన దానివల్లనే శిక్షణ, అనుమతి, వల చూసే వేళలు కట్టుదిట్టమయ్యాయన్నది మాత్రం నిజం. ఫొటోలు, పక్షి వీక్షకుల నమోదులు చాలవా అన్నది మూడో వాదన. జాతుల సంఖ్యకు అవి చాలావరకు సరిపోతాయి గాని, కడియం లేని రెండు వాగ్‌టెయిళ్లలో నిన్నటిది ఏదో, నేటిది ఏదో ఏ కెమెరా చెప్పలేదు.

## గూఢచారి పావురం, రోగాల అనుమానం

2023 మేలో ముంబయి ఓడరేవు దగ్గర కాళ్లకు వలయాలున్న పావురం దొరికింది. వాటి మీద చైనా లిపిలా ఉన్న అక్షరాలు చూసి గూఢచారి అని అనుమానించి, ఒక పశువుల ఆసుపత్రిలో ఎనిమిది నెలలు ఉంచారు. చివరికి అది తైవాన్‌లో పందేలకు పెంచిన పావురమని తేలడంతో 2024 జనవరి చివర్లో వదిలిపెట్టారు. పందెపు పావురానికి అతుకులేని వలయాన్ని అది పిల్లగా ఉన్న తొలి రోజుల్లోనే, పాదం ఇంకా చిన్నగా ఉండగా తొడుగుతారు. పెరిగాక అది ఊడి రాదు. అడవి పక్షికి శాస్త్రజ్ఞులు వేసేది తెరిచి ఉన్న కడియం, పట్టుకారుతో మూసినందున అంచులు కలిసిన గీత కనిపిస్తుంది. మొదటిది యజమాని గుర్తు. రెండోదానికి యజమాని లేడు.

అయితే ఈ అనుమానం అంతా గాలిలోంచి పుట్టిందనడం చరిత్రకు న్యాయం కాదు. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపోయి, మనుషులకు కొత్త జ్వరం సోకినప్పుడు, ఆ వైరసు రష్యాలో ఉన్నదానికి దగ్గరగా కనిపించడంతో, వలస పక్షుల మీది పిడుదులు దాన్ని మోసుకొచ్చాయా అన్న ప్రశ్న వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ నాయకత్వంలో బొంబాయి సొసైటీ 1959 నుంచి పెద్ద ఎత్తున కడియాలు వేయడానికి అదొక కారణం. ఆ తరువాత అమెరికా సైన్యం డబ్బుతో ఆసియాలో నడిచిన పక్షి రోగాల సర్వేతో కూడా ఈ పనికి సంబంధం ఏర్పడడంతో, 1970ల మధ్యలో పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం దాకా విషయం వెళ్లింది. పక్షి కాలికి తగిలించినది నిరపాయమైనదే అయినా, సేకరించిన సమాచారం ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న అప్పుడూ అర్థవంతమైనదే, ఇప్పుడూ అంతే.

## పాలమూరు అడవి నుంచి కృష్ణ ఒడ్డు దాకా

సలీం అలీకి మన ప్రాంతంతో ఉన్న సంబంధాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. జర్మనీలో చదువుకునేటప్పుడు హెలిగోలాండ్ దీవిలోని పక్షి కేంద్రంలో ఆయన కడియాలు వేయడం నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక 1931లో నిజాం రాజ్యపు పక్షుల సర్వే చేపట్టి, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని మన్ననూరు, ఫరాహాబాద్ అడవుల్లో మకాం వేశారు. అయినా ఆ సర్వే సాగినది తుపాకీతో. కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టి భద్రపరచడమే నాటి పద్ధతి. ఏ జాతి ఎక్కడుందో తేల్చడానికి అది చాలు. చచ్చిన పక్షి దొరికిన చోటు తెలుస్తుంది, అది పోవలసిన చోటు తెలియదు.

ఇప్పుడు మన చెరువుల దగ్గర జరిగేది ఎక్కువగా లెక్కించడమే. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. ఎత్తిపోతల వల్ల, చెరువుల పూడిక తీయడం వల్ల ఒకప్పుడు సంక్రాంతికే ఎండిపోయే కుంటల్లో ఇప్పుడు వేసవి దాకా నీళ్లుంటున్నాయి. పక్షులు తమ మకాములు మార్చుకుంటున్నాయా అన్నది నిజంగా తెలుసుకోవలసిన విషయం. ఇక్కడే లెక్కింపు ఆగిపోతుంది.

జనవరి 10న జూరాల వైపు ఒక గుంపులో 400 పట్టెతల బాతులు కనిపించాయనుకుందాం. 14న కోయిల్‌సాగర్ దగ్గర మరొకరికి 400 కనిపించాయి. పాలమూరు ప్రాంతంలో 800 బాతులున్నాయని రాయాలా, 400 అని రాయాలా? హిమాలయాల మీదుగా 7,000 మీటర్లకు పైగా ఎత్తులో ఎగిరినట్టు రికార్డయిన పక్షికి ఈ రెండు జలాశయాల నడిమి దూరం ఒక పూట మేతకు పోయి వచ్చినంత. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సులో బర్డ్ ఫ్లూతో 6,000కు పైగా పక్షులు చనిపోయినప్పుడు వాటిలో ఈ జాతివే ఎక్కువ గనక, సంఖ్య రెట్టింపు రాయడం చిన్న పొరపాటు కాదు. మొదటి గుంపులో ఒక బాతు మెడకు ఆకుపచ్చ పట్టీ ఉండి, దాని మీది అక్షరాలను ఎవరైనా రాసుకుని ఉంటే, రెండో గుంపులో అవే అక్షరాలు కనబడ్డ సాయంత్రమే 400 అని తేలిపోతుంది. కనబడకపోతే మాత్రం అవి వేరే బాతులని చెప్పలేం. 400లో పట్టీ ఉన్నది ఒక్కటే, ఆ వేళకు అది గడ్డిలో మెడ దించి మేస్తూ ఉండి ఉండవచ్చు.